జిగురు

రాత్రి పదకొండు దాటితే
ముహర్రఖ్‌లో ఈ హాలు నాది.
ఆడినోళ్లు పోతరు, అరిచినోళ్లు పోతరు,
జిగురు మిగుల్తది.
హ్యాండ్‌బాల్ చేతిల జారొద్దని పూసుకునే జిగురు:
నేల మీద, గోలు కమ్మీల మీద, తలుపు పిడి మీద,
ఒకపారి రెఫరీ కుర్చీ మీద సుత.
బకెట్, గీకుడు బిళ్ల, నారింజ వాసన నూనె.
పంతొమ్మిదేండ్ల సంది ఈ దేశపు ఆటను
మోకాళ్ల మీద కూసొని చదువుతున్న.

పైన ఆఫీసుల గోడకు సమాఖ్య పటం.
అన్నిటికన్న మీది గడిల అధ్యక్షుడు,
కింద కార్యదర్శి, కోశాధికారి,
రెఫరీల కమిటీ, క్రమశిక్షణ కమిటీ,
ఆడపిల్లల కమిటీది తర్వాత అతికించిన కాగితం,
అంచు లేస్తున్నది, రోజూ వేలితో ఒత్తుత.
గీతలన్నీ కిందికే దిగుతయి.
ఆఖరి గీత కింద చట్రం,
చట్రం కింద నా తుడుపు గుడ్డ.

మొన్న ఎన్నికలు.
పద్దెనిమిది క్లబ్బులు, పద్దెనిమిది చీటీలు,
తొమ్మిదికి తొమ్మిది.
ఇస్తికానాలల్ల చాయ్ మూడుసార్లు పోసిన,
ఎవ్వరూ లేస్తలేరు.
మొదటి నియమావళి తియ్యమన్నడు ఎవరో.
స్టోరు తాళం నా మొలకే ఉంటది.
పాత వలల కింద, గాలి పోయిన బంతుల కింద
రేకు పెట్టె.

ఉస్తాద్ మర్జూఖ్ భూతద్దం పెట్టి చదివిండు,
ఒకప్పుడు పలక మీద సుద్దతో స్కోరు రాసినాయన.
ఈజిప్టు పంతులొకడు బడి వెనక మొదలుపెట్టిన ఆటనట.
ఇసుక మీద బంతి ఎగరదు,
ముడి చమురు పోసి, తొక్కి, గట్టి చేసిండ్రట.
కిందపడ్డోని మోచేతికి
నెత్తురు కన్న ముందు నలుపొచ్చేది.
సమాఖ్య కావాల్నంటే ఏడు సంతకాలు అన్నది సర్కారు.
ఆ సాయంత్రం వచ్చింది ఆరుగురు.
ఏడోవాడు చెల్లె పెండ్లిల ఇరుక్కున్నడు.
బయట సున్నంతో గీతలు గీస్తున్న కూలీని పిలిచిండ్రు.

అందరి సంతకాల కింద ఊదారంగు బొటనవేలు,
పక్కన అరబ్బీల పేరు.
"యల్లాయా" అని చదివి
ఉస్తాద్ నా దిక్కు చూసిండు.
చేతిల చాయ్ పళ్లెం ఒకదిక్కు వంగింది.
ఎల్లయ్య.

"అది కాదు, పేజీ తిప్పు" అన్నడు కార్యదర్శి.
పన్నెండో నియమం దొరికింది:
సమానమైతే వయసుల పెద్దోని ఓటు రెండు లెక్క.
చప్పట్లు, ఖర్జూరాలు, ఫోటోలు.

నెల తిరిగినంక సంబురాల పుస్తకం అచ్చయింది,
నున్నటి కాగితం, మొదటి పుటల ఆరుగురు స్థాపకులు.
కట్టలు నేనే విప్పిన, ఎక్కువతక్కువ లేకుండ
క్లబ్బుకు ఇరవై చొప్పున పంచిన.

మెట్లు దిగుకుంట ఉస్తాద్ అడిగిండు:
"లింబాద్రీ, అతను మీ వాడేనా, ఏ ఊరు?"
ఏం చెప్పాలె.
మా భీంగల్ చుట్టుపక్కలనే వందమంది ఎల్లయ్యలు.
బొంబాయిల ఓడెక్కినోళ్లు కొందరు,
ఓడెక్కిన అని జాబు రాసి
బొంబాయిలనే ఉండిపోయినోళ్లు కొందరు.
ఎవలింటి తలుపు కొట్టాలె నేను?

"పిలిచినప్పుడు ఏ గీత గీస్తున్నడు?" అన్న.
ముసలాయన ఆగి, కర్ర చంకల పెట్టి
చెయ్యి గాలిల వంకరగ తిప్పిండు.
"ఆరు మీటర్లది. దాని లోపల
గోలీ తప్ప ఎవడూ అడుగు పెట్టొద్దు."
"వేలు పెట్టినంక మళ్ల పోయి గీసిండా?"
"గీయకుంటెట్ల? తెల్లారి ఆట ఉండె."

రేపు సుత ఆట ఉన్నది.
ఇయ్యాల ఆ వంకర గీత మీద
ఎవలిదో అరచెయ్యి అంటుకున్నది,
ఐదు వేళ్లు, బొటనవేలు జర వెడల్పు.
నూనె పోసిన.
పావుగంట నానాలె.
పక్కన కూసున్న.