పద్నాలుగో తీర్మానం

ఆ పొద్దు నేను చెయ్యెత్తింది నిజమే.
ఆదోని మార్కెట్ యార్డు మీటింగు హాల్లో
ఉగ్గాని పొట్లాలు అప్పుడే వచ్చినాయి.
మిరపకాయ బజ్జీల నూనె
ఎజెండా కాగితం మీద గుండ్రంగా పాకుతా ఉంది.
మూడో షెడ్డుకు రాత్రి ఎనిమిదికి తాళం,
అధ్యక్షుడు చదివినాడు.
బీడీ నిప్పు, దొంగల భయం, కరెంటు బిల్లు, ఇంకా ఏవో.
కుడిచెయ్యి ఎంగిలి.
ఎడమచెయ్యి ఎత్తినా.
తొమ్మిదిమందిలో ఎనిమిది చేతులు.
మద్దిలేటి ఒక్కడే ఎత్తలేదు,
తినలేదు కూడా.

రెండు నెలలకు వాన.
కోసిగి దిక్కునుంచి వచ్చిన ఉరుకుందప్ప
ఇరవై రెండు మూటల బుడ్డలు తాళం ముందర దించి
ఉన్న ఒక్క పట్టా మూటలకు కప్పి
తాను తడిసినాడు.
తెల్లారి వేలంలో వ్యాపారి ఒక కాయ ఒలిచి
ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.
ఏమీ అనలేదు. రేటు మాత్రం చెప్పినాడు.

ఉరుకుందప్ప నన్ను తిట్టలేదు.
"తాళం ఎవరు వేయమన్నారమ్మా?" అని
దోవ అడిగినట్టు అడిగినాడు.

రద్దు చేయమని మద్దిలేటి మూడుసార్లు రాసిచ్చినాడు.
మూడుసార్లూ తిరిగొచ్చింది.
సెక్రటరీ దస్తగిరి నియమావళి తీసి
పురుగు తిన్న పేజీ మీద వేలు పెట్టినాడు:
వద్దన్నవాళ్లు మళ్లీ అడగకూడదు,
ఔనన్నవాళ్లలో ఒకరు అడగాల.
"ఓడినోడు అడిగితే పంతం అంటారు సుంకులమ్మా.
గెలిచినోళ్లే అడగాల."

గెలిచినానా నేను?
బజ్జీ తింటా తింటా గెలిచినానని
ఆ పొద్దు ఎవరూ చెప్పలేదే.

అర్జీ నాలుగుసార్లు రాసినా.
మొదటిదాంట్లో "తెలియక" అని ఉంది.
దస్తగిరి ఆ మాట కొట్టేసినాడు,
కారణం అక్కర్లేదంట, సంతకం చాలంట.
ఏడు రోజుల ముందు నోటీసు.
బలపరిచేదానికి ఇంకొకరు.

లాలెప్ప ఇంటికి పోతినా.
"అన్నమాట ఎట్ల వెనక్కి తీసుకుంటాం?" అన్నాడు
గడప మీదినుంచి లేవకుండా.
చెంబుతో నీళ్లిస్తా వాళ్ల ఆడమనిషి
"ఇంకో మాట అంటే నోరేమన్నా అరుగుతుందా?" అనింది.
అరగలేదు. సంతకం పెట్టినాడు.

మీటింగులో మొదటి ఓటు తాళం మీద కాదు.
ఆ సంగతి మళ్లా మాట్లాడుకోవచ్చునా అని.
అది ఔనంటేనే తాళం దాకా పోయేది.
మొదటిదానికి ఆరుగురు.
రెండోదానికి ఐదుగురు:
ఒకాయన చెయ్యి సగం లేచి
మీసం సర్దుకుని దిగింది.
మద్దిలేటి ఎత్తినాడు, నా దిక్కు చూడలేదు.
పొట్లాలు ఆ పొద్దు కూడా వచ్చినాయి.
ఎవరూ విప్పలేదు, ఓట్లు అయ్యేదాకా.

పద్నాలుగో తీర్మానాన్ని దస్తగిరి గీత కొట్టలేదు.
మినిట్స్ పుస్తకంలో అట్ల కొట్టకూడదంట.
పక్కన ఎర్రసిరాతో
"ముప్పై ఒకటి చూడుము" అని రాసినాడు.
పద్నాలుగు కింద నా పేరుంది.
ముప్పై ఒకటి కిందా నా పేరే.
పుస్తకం మూస్తే
రెండూ ఒకే చీకట్లో ఉంటాయి.

ఆ రాత్రి చూసేదానికి పోయినా.
బుడ్డల కాలం అయిపోయింది.
మిగిలిన పంట ఉరుకుందప్ప రాయచూరుకు తోలుకున్నాడంట.
షెడ్డులో ఒక్క లైటు.
కాటా పక్కన వాచ్‌మన్ కుక్క
కాళ్లు చాపి పడుకోనుంది.
తలుపును ఎడమచేత్తో
కొంచెం నూకి చూసినా.