మూడు వేళ్ల పిడి

హఫర్ అల్ బాతిన్, సనాయా, ఆరో గల్లీ.
శుక్రారం నమాజు అయినంక
సగం దించిన షట్టర్ కిందికెల్లి వంగి వచ్చిండు బాబికిర్.
సూడాన్ మనిషి, నూటపది ఒంటెల కాపరి.
బండి ఆయనది కాదు, ఒంటెలు ఆయనవి కావు,
ఇసుకల దిగబడ్డ రాత్రులు మాత్రం ఆయనవే.

"ఫోర్ వీల్ గేరు ఏస్తె బత్తి మిణుకుమంటది," అన్నడు,
"అంతల్నే ఆరిపోతది. ముందటి చక్రాలకు నిద్ర తేరదు."

బండి కింద పండుకొని చూసిన.
కుడిదిక్కు ఇరుసు రెండు ముక్కలు,
నడుమ పండ్ల ఉంగరం ఒకటి.
అది జరిగి రెంటినీ కలిపితేనే
ముందటి చక్రాలకు బలం వోతది.
జరిపే పని ఎవలికి అప్పజెప్పిండ్రు?
గాలికి గూడ కాదు, గాలి లేనితనానికి.
ఇంజను పీల్చే ఊపిరి
సన్నటి రబ్బరు గొట్టాలల్ల ఉరికి
ఒక పొరను గుంజాలె, పొర కొండిని గుంజాలె,
కొండి ఉంగరాన్ని నూకాలె.
ఏ చల్లటి ఊర్లె కూసొని గీసిండ్రో ఈ నక్షా!
ఇక్కడి యాభై డిగ్రీలకు గొట్టాలన్ని
ఎండిన చింతకాయ పెంకుల్లెక్క పలిగినయి.
శూన్యం పని జెయ్యాలన్నా
ఎక్కడా సందు ఉండొద్దు గద.

"కొత్త గొట్టాలు ఏస్తె?"
"మళ్ల ఎండకాలం దాకా."
"మరి?"
"తీగ ఏస్త. నీ చేతితోని నువ్వే గుంజు."

ముదీరుకు చెప్పి నాలుగు నెలలాయెనట,
ప్రతి నెల వచ్చే నెలే.
నూటిరవై రియాళ్లు బాబికిర్ జేబులయే,
చెమటకు మెత్తబడ్డ నోట్లు.

పొర డబ్బా ఊడదీసి మూలకు ఏసిన.
దాని జాగల మందపు రేకు కోసి బిగించిన.
పాత నీళ్ల పంపుది ఎక్సలేటర్ తీగ దొరికింది,
సైలెన్సర్‌కు దూరంగ తిప్పి,
స్ప్రింగు ఎగిరినప్పుడు తెగకుంట పావుజానెడు వదులు ఇడిసి,
డ్యాష్‌బోర్డు కిందికి తెచ్చిన.

హెల్పర్ సాయిలు నవ్విండు:
"అన్నా, మన ఎగ్జిట్ కాయితానికి గూడ
ఇసొంటి తీగ ఒకటి ఏస్తవా?"
"పదమూడు నంబరు పానా అందియ్యి," అన్న.

నల్లటి గుండు పిడి పెట్టి గుంజమన్న.
బాబికిర్ గుంజిండు, జారింది. మళ్ల జారింది.
అప్పుడు చూసిన ఆయన కుడిచెయ్యి,
చిటికెన వేలు లేదు, పక్కది లేదు.
"తాడు సుట్టుకున్నది, ఒంటె ఉరికింది,"
టైము ఎంతయిందో చెప్పినట్టు చెప్పిండు.

అట్టముక్క మీద ఆ చెయ్యి పెట్టించి
పెన్సిల్‌తోని సుట్టూ గీత గీసిన,
చెప్పులు తెచ్చెటందుకు పిల్లల పాదం గీసుకున్నట్టు.
పక్క షాపు లేతు మీద గుల్ జమీన్
పాత ఇత్తడి నల్లాను తొలిచి అడ్డపిడి చేసిండు,
మూడు వేళ్లకు మూడు గాట్లు.
పైసలు వద్దన్నడు, చాయ్ తాగిండు.

"ఇను బాబికిర్," అన్న,
"రానప్పుడు బలంగ గుంజకు, తీగ తెగుతది.
పండ్లకు పండ్లు ఎదురుపడి ఆగినయన్నట్టు.
బండిని జానెడు ముందుకు, జానెడు ఎనుకకు కదుపు.
వాటంతటవి జాగ దేవులాడుకుంటయి."

ఇరవై రోజులకు ఫోన్ల మెసేజి వచ్చింది.
పదకొండు సెకన్లు. మాట లేదు.
గాలి మోత. కిర్రుమన్న సీటు.
తీగ గుంజిన సప్పుడు, ఏమీ కాలేదు.
టైర్ల కింద ఇసుక కొద్దిగ నలిగింది,
మళ్ల నలిగింది.
దూరంగ ఒక ఒంటె గుర్రుమన్నది.
ఆఖర్న
టక్.

సాయిలుకు రెండుసార్లు ఇనిపించిన.
వాడు ఏందన్నా ఇది అన్నడు.