నాలుగో మెట్టు

హాలిఫాక్స్‌లో వాన కురవదు,
కాపురం ఉంటుంది.
నవంబరులో దిగి మార్చిదాకా గది ఖాళీ చెయ్యదు.

మాది రాతి ఇల్లు. గోడలు మూరెడు మందం.
నూట ముప్పై ఏళ్ల కింద ఎవరో మేస్త్రీ
చలి రాకూడదని కట్టాడు.
వైఫై కూడా రాకుండా పోతుందని పాపం అతనికేం తెలుసు.
వీధి తలుపు దగ్గర రౌటరు,
వెనకగదిలో నేను,
మధ్యలో అతని పనితనం.

అందుకని నా ఆఫీసు మెట్ల మీద.
మూడో మెట్టు మీద మాట తెగుతుంది.
ఐదో మెట్టు మీద మొహం బిగుసుకుంటుంది,
నోరు సగం తెరిచి, కళ్లు సగం మూసి
మీటింగులో అందరి ముందూ
పాస్‌పోర్టు ఫొటోనై ఉండిపోతాను.
నాలుగో మెట్టు మీద మాత్రం మనిషిని.

గురువారం. బస్సు డిపో జీతాల లెక్క.
రెండు వందల పదకొండు మంది డ్రైవర్ల ఓవర్‌టైం
ఒక్క ఫైల్లో మూటగట్టి
నాలుగింటిలోపు బ్రాడ్‌ఫోర్డ్ హెడ్డాఫీసుకి మెయిల్ చెయ్యాలి.
చేశాను.
అవుట్‌బాక్స్‌లో ఒకటి, అంది.
మళ్లీ చేశాను. రెండు, అంది.
ఆ తర్వాత లెక్కపెట్టడం మానేసి
కోపంతో నొక్కాను.
తెర మీద చక్రం
గానుగెద్దులా అక్కడక్కడే తిరుగుతోంది.
రౌటరు మీద పచ్చదీపం నారింజయింది, నారింజ ఎరుపయింది.

హెల్ప్‌లైన్‌కి ఫోను చేస్తే
మీ కాల్ మాకెంతో విలువైనదంటూ
నలభై నిమిషాలు నన్ను గౌరవించారు.
తర్వాత ఓ కుర్రాడు.
ఆపి మళ్లీ వెయ్యండి. వేశాను.
వెనక చిన్న కన్నంలో పిన్నుతో పొడవండి. పొడిచాను.
ఇప్పుడే రంగు?
ఎరుపే నాయనా.
మా వైపు అంతా బాగానే ఉంది మేడం.
ఉంటుంది. ఎవరి వైపు వాళ్లకి బాగానే ఉంటుంది.

మూడుంపావు.
పక్కింటి క్లిఫర్డ్ తలుపు కొట్టాను.
ఫోను లైన్‌మన్‌గా రిటైరై పన్నెండేళ్లు.
ఒక్క మాటా అడగలేదు.
ఇంట్లో చెప్పులతోనే వానలోకి వచ్చాడు,
ఒక చేతిలో స్క్రూడ్రైవరు, ఒక చేతిలో టీ,
కప్పులోకి చినుకులు పడుతున్నా పట్టనట్టు.
చూరు కింద ఒక బూడిదరంగు పెట్టె,
ఆరేళ్లుగా ఈ ఇంట్లో ఉంటూ నేనెన్నడూ చూడనిది.
"ఈ తీగ నేనే లాగాను, ఎనభై రెండులో.
అప్పుడిక్కడ ఓ మంత్రసాని ఉండేది.
అర్ధరాత్రి ఆమె ఫోను మోగి తీరాలి.
అందుకే కాస్త మంచి తీగ వేశాను."
మూత విప్పాడు.

లోపల, రాగితీగల మీద,
తడిగా, తీరిగ్గా,
ఒక నత్త.

గడప మీద కూలబడి నవ్వాను.
పొద్దుట్నుంచీ తిడుతూనే ఉన్నాను కదా
నెట్టు నత్తనడక నడుస్తోందని!
తిట్టు అనుకున్నాను,
తీరా చూస్తే రిపోర్టు.
క్లిఫర్డ్‌కి చెబితే
మేమూ అలాగే అంటాం, అన్నాడు.
రెండు భాషల్లో మాట పడ్డ ప్రాణి
ఆయన వేలి మీద
కొమ్ములు లోపలికి ముడుచుకుంది.

దాన్ని గోడ మీద దింపాడు.
తీగల కొసలు కోసి, తుడిచి, మెలేసి
మూత చుట్టూ పాత సైకిలు ట్యూబు ముక్క బిగించాడు.
చల్లారిన టీ, సగం వాన, గుటుక్కున తాగేశాడు.

మూడూ యాభై ఆరు. పచ్చదీపం.
అవుట్‌బాక్స్ ఖాళీ.

నాలుగూ పదికి బెరిల్ జవాబు:
వకుళా, నీ ఫైలు ఏడుసార్లు అందింది.
అందరికీ ఏడేసి జీతాలు వెయ్యమంటావా?

వాళ్లలో ఒక్కరినీ నేను చూడలేదు.
పేర్లు తెలుసు, తెల్లవారుజాము షిఫ్టులు తెలుసు,
క్రిస్మస్ రాత్రి బండి తీసిందెవరో తెలుసు.
వేలు కీబోర్డు మీద
కాసేపు ఆగింది. అబద్ధమెందుకు.
ఒకటి చాలు, అని రాశాను.

కిటికీలోంచి చూస్తే
తడిరాయి మీద నత్త,
మళ్లీ ఆ పెట్టె వైపే,
తొందరేం లేనట్టు.