వేలు పడలేదు

మా మండలం పేరు బ్రహ్మసముద్రం.
పేరులో ఉన్నన్ని నీళ్ళు
ఊర్లో నేనెప్పుడూ చూడలేదు.

సబ్సిడీ దుడ్లు పడినాయని
నిన్న రాత్రి మైకులో చెప్పినారు.
పొద్దన్నే నా తలుపు ముందర చెప్పులు.
మనుషులు నీడకు పోయి
చెప్పులను వరుసలో నిలబెట్టినారు.

నా దగ్గరుండేది చేతిలో పట్టే మిషను,
ఒక తడిగుడ్డ, ఒక వ్యాజిలిన్ డబ్బీ,
సిగ్నల్ కోసం కిటికీకి కట్టిన ఫోను.
బ్యాంకు నన్ను మిత్ర అంటాది.
ఊరు నన్ను వేలు పెట్టించే మారెక్క అంటాది.

హనుమక్క ముందుకొచ్చె.
బొటనవేలు పెట్టె. ఎర్రలైటు.
తుడిచి మళ్ళా పెట్టె. ఎర్రలైటు.
చూపుడువేలు, నడిమివేలు,
ఉంగరమే ఎరగని ఉంగరంవేలు,
ఎర్రలైటు, ఎర్రలైటు.
ముప్పై ఏండ్లు చెనిక్కాయ ఒలిచిన చేతులు.
చాటలో పొట్టుతోపాటే
గీతలు గూడా చెరిగిపోయినాయి.

"నేనే మే, హనుమక్కను" అంటాది మిషనుతో,
పక్కింటామెతో మాట్లాడినట్టు.
"ఊడలు దిగేటప్పుడు వాన మొగం చాటేసింది
నా చేన్లోనే గదా.
చెట్టు పీకితే కాయ లేదు, మన్ను రాలె.
ఆ పొద్దు ఫోటో తీసిన పిల్లోడు
నా మొగం తీసినాడు, చేను తీసినాడు,
చేతులు తీయకపోయె."

వెనక నుంచి కుళ్ళాయప్ప నవ్వె.
ఆయన కౌలుకు చేసేది నాలుగెకరాలు.
చేను గలాయనది బళ్ళారిలో బట్టలంగడి.
దుడ్లు పడిన మోత అక్కడ మోగింటాది,
చీర మడత పెడతా చూసింటాడు.
"అయినా ఒకసారి చూడు మారెక్కా"
అని కుళ్ళాయప్ప వేలు పెట్టె.
ఆయన వేలు ఒకేసారికి పడె.
పచ్చలైటు. నిలవ, ముప్పై ఏడు రూపాయలు.
ఈసారి ఎవరూ నవ్వలేదు.

మళ్ళా హనుమక్క.
కుడిచెయ్యి అయిపాయ. ఎడమచెయ్యి.
ఆఖరికి చిటికెనవేలు,
కాయ ఒలిచేటప్పుడు ఎప్పుడూ
పైకి లేసి నిలబడే వేలు.
పచ్చలైటు.
కష్టం చెయ్యని వేలొకటే
సర్కారు గుర్తుపట్టింది.

చీటీ వచ్చె.
పడింది ఆరువేల మూడునూర్లు.
పాతలోనుకు బ్యాంకు పట్టుకునింది పోను
పదకొండునూర్లు.
ఆమె చీటీని ఎండకు పట్టి చూసె.
చదవడం రాదు, అయినా చూసె.
"విత్తనకాయ మూట ఎంతుంది మే ఇప్పుడు?"
నేను చెప్పలేదు.
"పోనీ, మూటలెక్క వద్దులే.
గుప్పిట్లెక్క చెప్పు."

మధ్యాన్నానికి సిగ్నల్ పోయె.
చెప్పులు ఒక్కో జతా
తమ మనుషుల్ని ఎతుక్కోని ఇండ్లకు పోయినాయి.

మా అత్త పేరున రెండెకరాలుంది.
జాబితాలో ఆమె పేరు లేదు.
పంట నమోదుకు వాళ్ళు చేన్లమ్మట తిరిగిన పొద్దు
నేనీ గడపలోనే కూచోని
ఎవరిదో వేలు పట్టుకోనుంటి.

వ్యాజిలిన్ డబ్బీకి మూత పెట్టి
నా బొటనవేలు ఊరికే ఒకసారి ఆనించి చూస్తి.

బాగనే పడింది.