నల్లా ఇడిసిన యాళ్ల

సీటీ రూముల ఎప్పుడూ చలే.
వరంగల్ మొత్తం ఎండకు మాడుతున్నా
నేను స్వెట్టర్ ఏసుకునే డ్యూటీ చేస్త.
మిషన్‌కు చెమట పట్టొద్దు గద.

ఎనిమిదీ ఇరవైకి కొత్తవాడ నుంచి ఒక ఆటో.
చిప్ప మార్కండేయ, యాభై ఎనిమిదేండ్లు,
జంపఖానాలు నేస్తడు.
కుడిచెయ్యి ఎవరో మరిచిపోయిన సామాను లెక్క
పక్కన పడున్నది.
మూతి ఎడమకు గుంజింది.
ఏమడిగినా ఒకటే శబ్దం,
పన్నె సందుల పోగు చిక్కినట్టు.

డాక్టర్ నౌషీన్ అడిగేది ఎప్పుడూ ఒకటే,
పేరు కన్న ముందు, ఆధార్ కన్న ముందు:
"ఆఖరుసారి మంచిగున్నది ఎప్పుడు?"
పడ్డది ఎప్పుడని కాదు.
మీరు చూసింది ఎప్పుడని కాదు.
మంచిగున్నది.

శకుంతల కొంగుతోని మొగని మూతి తుడుసుకుంట చెప్పింది:
"నల్లా వచ్చినప్పుడు మంచిగనే ఉన్నడు.
రెండు బిందెలు ఆయనే ఎత్తిండు.
మళ్ల పండుకున్నడు. ఏడున్నరకు లేపితే గిట్ల."

నల్లా ఎప్పుడొస్తది?
"నాలుగు గొట్టంగ."

నౌషీన్ గోడ గడియారం దిక్కు చూసింది. నేనూ చూసిన.
నాలుగున్నర గంటల లోపలైతేనే సూది.
నాలుగు నుంచి లెక్కేస్తే
తలకు పట్టీ కట్టేలోపే గడువు దాటుతది.

కొత్త పరిశోధనలు వేరే మాట చెప్తున్నయి.
హైదరాబాద్ ట్రైనింగుల చూసిన:
గడియారాన్ని కాదు, మెదడునే అడుగుమంటున్నరు.
తెర మీద రంగుల పటం వస్తది,
ఎండిపోయిన మడి ఎంత,
నీళ్లందక వాడినా ఇంకా పచ్చిగున్నది ఎంత.
ఆ పచ్చి జాగ పెద్దగుంటే
పొద్దెక్కినా పారకం పెట్టొచ్చు.
మా మిషన్ల ఆ సాఫ్ట్‌వేర్ లేదు.
మాకు బూడిద రంగొక్కటే.

పండబెట్టిన. కదలకుంట కట్టిన.
అద్దానికి ఇవతల కూసోని పొర తర్వాత పొర చూసిన.
రక్తం చిమ్మితే తెల్లగ మెరుస్తది. మెరవలేదు.
చచ్చిన చోటు నల్లబడతది. ఇంకా పడలేదు.
మాట పోయిన మనిషి తలకాయల
ఏమీ కనబడకపోవుడే మాకు మంచి కబురు.

బయట శకుంతల, ఎంట వచ్చిన పక్కింటి పిల్లగానితోని:
"ఇయ్యాల నల్లా లేటొచ్చింది గదరా?
వాడకట్టంత తిట్టె గద ఖాజామియాను?"

పిల్లగాడు ఫోన్ కలిపిండు. స్పీకర్ పెట్టిండు.
వాల్వులు తిప్పే ఖాజామియా, నిద్ర గొంతుతోని:
"మోటర్ ట్రిప్పయింది అమ్మా, నన్నేం జెయ్యమంటరు?
ఐదూ ఇరవైకి ఇడిసిన.
రిజిస్టర్ల రాసిన, కావాల్నంటే చూస్కోండ్రి."
ఇంకా తిట్టనీకే చేసిండ్రనుకున్నడు పాపం.

ఐదూ ఇరవై.
నౌషీన్ వేళ్ల మీద లెక్కపెట్టింది,
అంత పెద్ద చదువు చదివి, ఒకటో తరగతి పిల్ల లెక్క.
బీపీ చూసిండ్రు. షుగర్ చూసిండ్రు.
బరువెంతుంటడని శకుంతలను అడిగిండ్రు.
ఎనిమిదీ యాభై రెండుకు
నరంలకు ఒక్కటే సూది, ఒక్క పెట్టున.

తర్వాత ఏమైందంటే, పెద్దగ ఏం కాలేదు.
పదిన్నరకు బొటనవేలు కదిలింది.
చెయ్యి లేవలేదు. లేస్తదో లేదో ఇప్పుడే తెల్వదు.
పగటీలి ఒక మాటొచ్చింది, వంకరగ:
"బిందె."
"నిండినయి తియ్యి," అన్నది శకుంతల.

ఫారంల ఆఖరుసారి మంచిగున్న టైము గడిల
5.20 అని రాసిన.
ఎవరు చెప్పిండ్రు అనే గడి లేదు.

పొద్దుగూకినంక ఖాజామియా
ఆ పిల్లగానికి మళ్ల ఫోన్ జేసిండట:
"ఎల్లుండి నాలుక్కే ఇడుస్త.
వాడకట్టోళ్లకు చెప్పు."