రూపాయి బిళ్ళంత చోటు

ఆటోనగర్ మూడో క్రాస్ రోడ్డులో
తెల్లారకముందే వచ్చి నిలబడింది
పద్నాలుగు టైర్ల మిర్చి లారీ.
డ్యాష్‌బోర్డు మీద పసుప్పచ్చ ఇంజన్ బొమ్మ
కన్నార్పకుండా.

డ్రైవర్ ఏసుపాదం లెక్క చెప్పాడు:
చిలకలూరిపేటలో ఒక సెన్సర్,
ఏలూరు దాటాక ఇంకోటి,
మొత్తం పద్దెనిమిది వేలు.
"లైటు మాత్రం ఆరదు బాబూ.
గుంటలో దిగితే చాలు, ఇంజన్‌కి గొంతు పట్టేస్తంది."

స్కానర్ తగిలించాను.
నూరు. నూట పది. నూట తొంభై.
ఆయిలు ఒత్తిడి, నీళ్ళ వేడి, ఇంజన్ చుట్ల లెక్క.
మూడూ ఒక్క నిమిషంలో పుట్టిన కోడ్లు.
చెరిపాను.
మళ్ళీ వచ్చి నిలబడ్డాయి,
అప్పులవాళ్ళలా, ఒకరి వెనక ఒకరు.

బాజీ మేస్త్రి టీ గ్లాసు బ్యాటరీ పెట్టె మీద పెట్టాడు.
స్క్రీను వైపు చూడనైనా లేదు.
"అది జబ్బు పేరు కాదురా, మూలుగు.
ముగ్గురూ ఒకేసారి మూలిగితే
ముగ్గురికీ మందు పొయ్యకు.
వాళ్ళు తాగే బావి ఏదో చూడు."

మీటరు ముల్లు ఒకటి బ్యాటరీ మైనస్‌కి,
ఇంకోటి ఇంజన్ ఒంటికి.
"సెల్ఫు కొట్టు, ఏసుపాదం!"
సున్నాని అంటిపెట్టుకుని ఉండాల్సిన అంకె
రెండు వోల్టుల దాకా ఎగబాకింది.

కింద దూరాను.
చాసిస్‌కి ఎర్తు పట్టీ, బోల్టు బిగువుగానే ఉంది.
విప్పితే
ఇనుము లేదు.
నీలం రంగు. రెండు పూతలు.
అద్దంలా.

"ఎవరేశారిది?"
చాలాసేపు లారీ పైనుంచి జవాబు రాలేదు.
"నేనే.
క్యాబిన్‌కి పోగా అరడబ్బా మిగిలింది.
కింద కూడా బాగుండాలి గదా అని...
పట్టీ ఊడదీసి, పూసి, ఆరాక మళ్ళీ బిగించా."

మేస్త్రి నవ్వలేదు.
ఎమెరీ కాగితం ముక్క చించి
అతని చేతిలోనే పెట్టాడు.
ఏసుపాదం వెల్లకిలా పడుకుని గీకాడు,
తన రంగు తనే,
రూపాయి బిళ్ళంత మేర,
కళ్ళల్లో నీలం పొడి రాలుతుంటే.

పట్టీ బిగించి, పైన గ్రీజు పట్టించి
మేస్త్రి గొణిగినట్టు అన్నాడు:
"వెల్డింగ్ పెట్టిస్తే ముందు బ్యాటరీ వైర్లు తియ్యి.
కడిగించేటప్పుడు కనెక్టర్ల మీద గన్ను కొట్టనియ్యకు.
రంగంటావా, నీ ఇష్టం,
ఈ ఒక్క చోటు వదిలెయ్."

చెరిపిన కోడ్లు ఈసారి రాలేదు.
వేలిముద్రల టీ గ్లాసు
ఇంజన్ మోతకి సన్నగా వణుకుతోంది.

ఏసుపాదం మాత్రం ఇంకా కిందే ఉన్నాడు,
బోల్టు చుట్టూ మిగిలిన నీలాన్ని
చొక్కా కొసతో తుడుస్తూ.