చిల్లర బాకీ

మొదటిరోజు ఐదువందల నోటిచ్చింది,
గోపాలపూర్ లైట్‌హౌసు నుంచి రిసార్టు గేటు దాకా
నలభై రూపాయల దూరానికి.
నా జేబులో బీడీకట్ట, అగ్గిపెట్టె,
ఈ చుట్టుపక్కల ఏ కొట్టువాడూ ముట్టుకోని
పదిరూపాయల బిళ్ళ ఒకటి.
"చిల్లర లేదమ్మా" అన్నాను.
"ఖుచురా నాహీ" అన్నాను.
చివరికి రెండు చేతులూ తిప్పి చూపించాను.
ఆమె నవ్వి, రేపన్నట్టు వేలు ముందుకు దొర్లించి
చెప్పులు చేత్తో పట్టుకుని ఇసకలోకి వెళ్ళిపోయింది.

నాలుగొందల అరవై.

బాకీ నాకు కొత్త కాదు.
ఆటో ఫైనాన్సువాడికి ఉంది, బంకులో ఉంది,
కొర్లమ్మ పుస్తెలకి మార్వాడీ దగ్గర ఉంది.
పేరు తెలియని మనిషికి పడటం మాత్రం ఇదే మొదలు.
తెల్లారకముందే గేటు దగ్గర బండి పెట్టాను.
"లైన్లో రా, దండాసీ" అని వాచ్‌మన్ కసిరాడు.
"బేరానికి రాలేదు, బాకీకి వచ్చాను" అంటే
వాడు ఇంకోడితో చెప్పి నవ్వాడు.

అద్దం మూల సుద్దముక్కతో రాసుకున్నాం.
బరంపురం పోయిరావడం నాలుగొందలు, కొట్టేశాం.
చీరలవీధిలో షావుకారు ధర చెప్పగానే
ఆమె నావైపు చూసేది;
నేను గోడమీది క్యాలెండరు చూస్తే ఎక్కువని,
చెవి గోక్కుంటే సరేనని.
కుంభాల అంచు చీర దగ్గర
చెవి గోక్కోవడానికి ముప్పావుగంట పట్టింది.
రంభ దారిలో టైరు పేలితే
పంక్చరువాడికి తనే ఇచ్చింది, మళ్ళీ నాకు పడింది.
మాటలు కలవలేదు గానీ
అంకెలు ఆమెవీ నావీ ఒకటే.

ఓ సాయంత్రం పాత జెట్టీ చూపించమంది.
నీళ్ళలో నిలబడ్డ మొండి స్తంభాలు, వాటిమీద కాకులు.
మా తాత ఇక్కడే ఓడెక్కి రంగం పోయాడని
ఎలా చెప్పను?
బియ్యం మిల్లులో మూటలు మోసి,
యుద్ధమొస్తే అడవులంట నడిచి,
నడుముకి కట్టుకుని తెచ్చిన నోట్లు
ఇచ్ఛాపురం సంతలో విప్పితే
ఉప్పు పొట్లానికి కూడా రాలేదని,
నాయనమ్మ అవి పారెయ్యలేదని.
"తాత" అన్నాను, సముద్రంకేసి చెయ్యి చాపాను.
ఆమె తల వంచింది.
మునిగిపోయాడనుకుందేమో.

తొమ్మిదోనాడు బరంపురం స్టేషను.
సుద్ద లెక్క మొత్తం తుడిస్తే
నేనే ఇంకా పది రూపాయలు ఇవ్వాలి.
ఆ బిళ్ళే తీశాను. "ఇది ఇక్కడ చెల్లదు."
ఆమె దాన్ని వెలుగుకి పెట్టి చూసి
పర్సులో కాదు, చొక్కా పైజేబులో వేసుకుంది.
తర్వాత వాళ్ళ దేశం నోటొకటి నా చేతిలో పెట్టి
గుప్పిట మూసేసింది.
ఎంతో అడిగేలోపు బండి కదిలింది.

చిరగదు, తడవదు, మధ్యలో గాజులాంటి కంత.
బ్యాంకులో "పాస్‌పోర్టు ఏదీ?" అన్నారు.
రిసార్టు కౌంటరులో "గెస్టులకే" అన్నారు.
ఫోను నొక్కి చూసి ఒక కుర్రాడు మూడొందలన్నాడు,
ఇంకొకడు, ఇంకా ఎక్కువే, నాకిచ్చెయ్ అన్నాడు.
"ఏటిది, బియ్యమొస్తాయా?" అని కొర్లమ్మ.
రావు.
ట్రంకుపెట్టెలో రంగం నోట్లమీద పెట్టాను.

మా గుంట ఊరుకోదు.
రోజూ తీసి ఆ కంత కంటికి ఆనించుకుని
జెట్టీ వైపు చూస్తుంది.
"ఏటి కనిపిస్తుందే?"
"కాకులు."

ఆ పైజేబు బిళ్ళ
ఇప్పుడెక్కడ ఖర్చు కాకుండా తిరుగుతోందో.